జోడుగుండ్ల సందులో

"అక్కా, ఆ ఉప్పుకారం ఇటియ్యి" అంది రిషిత, జామకాయ కొరుకుతూ.

మహతి బ్యాగులోంచి పొట్లం తీసింది.

అంతలో వెలుతురు పోయింది. గుహ నోటికి అడ్డంగా ఎవడో మనిషి నిలబడ్డాడు.

చిరిగిన బనీను. మాసిన గడ్డం. చేతిలో కొడవలి.

పేరుకు గుహే గానీ, జోడుగుండ్ల గుట్ట మీద ఒకదానిమీద ఒకటి వాలిన రెండు బండల మధ్య సందు అది. మెదక్ నుంచి స్కూటీ మీద ఇరవై నిమిషాలు. మహతి ప్రతి ఆదివారం ఏదో ఒక గుట్ట ఎక్కుతుంది. నేనూ వస్తానని చిన్నమ్మ కూతురు రిషిత రెండు నెలలుగా ప్రాణం తోడేస్తుంటే ఇవాళ వెంటబెట్టుకొచ్చింది.

చిన్నమ్మ ఊరికే పంపలేదు.

"నీ మీద భరోసతోని తోలుతున్న మహతీ. నా బిడ్డ ఎట్ల పోయిందో గట్లనే రావాలె."

ఇప్పుడా మాటే మహతి చెవుల్లో గింగురుమంది.

"ఎవరు నువ్వు? జరుగు!"

అతను జరగలేదు. పెదవుల మీద వేలు పెట్టి, కళ్లు పెద్దవి చేశాడు.

రిషిత అరవబోయింది. ఒక్క అంగలో లోపలికొచ్చి ఆ పిల్ల నోరు గట్టిగా మూశాడు. ఊపిరి పట్టినట్టు ఒక్క క్షణం ఆగాడు. వదిలేసి, మళ్లీ వేలు చూపించి, వెనక్కి కింది పొదలవైపు చెయ్యి ఊపాడు.

మహతి రిషితను తన వెనక్కి లాక్కుంది. చెయ్యి ఊపాడంటే కింద ఇంకా మనుషులున్నారన్నమాట!

ఉన్నారు కూడా. ఆకులు తొక్కుతున్న అలికిడి ఆమెకు స్పష్టంగా వినబడింది. ఒకరు కాదు, ఇద్దరో ముగ్గురో.

అతను గుహ నోట్లోనే గొంతుక్కూర్చున్నాడు. వాళ్లకు వీపు, పొదలకు ముఖం. కొడవలి మాత్రం చేతిలోంచి దించలేదు.

ఫోనులో సిగ్నల్ ఒక్క గీత లేదు. మహతి బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. ముందు వీడు, కింద వీడి జట్టు.

"అక్కా, నాకు భయమైతుంది" అని రిషిత గుసగుసలాడింది.

ఆ మాత్రానికే అతను విసురుగా తల తిప్పి, వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఆడించాడు.

గుహ వెనకాల ఓ నెర్రె ఉంది. పక్కకు తిరిగితే మనిషి పట్టవచ్చు. కానీ ఇద్దరూ దూరేదాకా వీడు చూస్తూ ఊరుకుంటాడా?

మహతి చేతిలో పొట్లం ఇంకా అలాగే ఉంది.

చిన్నగా దగ్గింది. అతను తిరిగాడు. పిడికెడు కారం సూటిగా కళ్లలో పడింది.

అంత కారం కళ్లలో పడితే ఎంతటివాడైనా గుట్ట దద్దరిల్లేలా అరుస్తాడు. అతను అరవలేదు. భుజం మీది తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. ఒళ్లంతా మెలితిరిగిపోతున్నా, రెండో చెయ్యి బారుగా చాపి దారికి అడ్డం పెట్టాడు.

'అరిస్తే జనం వస్తారని భయం, దొంగ వెధవకి' అనుకుంది మహతి.

రిషితను నెర్రెలోకి తోసింది. తనూ దూరింది. సగంలో నడుము ఇరుక్కుంది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. బండ ఛాతీని నొక్కేస్తోంది. వెనకనుంచి చెయ్యొచ్చి జుట్టు పట్టుకుంటుందని కళ్లు మూసుకుంది. రిషిత చెయ్యి పట్టి లాగితే, మోచేతుల తోలు లేచిపోయి బయటపడింది.

గుట్ట వెనకనుంచి ఎలా దిగారో వాళ్లకే తెలియదు. స్కూటీ ఠాణా ముందే ఆగింది.

ఎస్సై రాజేందర్ అంతా విన్నాడు. "భయపడకుండ్రి అమ్మా. వాని సంగతి మేం చూసుకుంటం" అని రంజిత్ అనే కానిస్టేబుల్‌ను, ఇంకొకతన్ని జీపులో పంపాడు.

చిన్నమ్మ లలిత ఉరుకులు పరుగులమీద వచ్చి, కూతుర్ని వదిలి మహతినే కావలించుకుంది.

"నువ్వుండబట్టి గాని, నా బిడ్డ ఏమైపోతుండెనో! నీ కడుపు సల్లగుండ!"

మహతికి ఏడుపొచ్చింది. మాట నిలబెట్టుకున్నందుకు గర్వంగానూ ఉంది.

ఒంటిగంటన్నరకు రంజిత్ నుంచి ఎస్సైకి ఫోనొచ్చింది. మహతి కూడా వినాలని స్పీకర్ పెట్టాడు.

"సార్, సిగ్నల్ కోసం గుట్ట దిగొచ్చిన. దొరికిండు. పేరు బిక్షపతట. సీతాఫలాలు తెంపుకునెటోడు. గుహ ముంగట్నే కూసున్నడు. కండ్లు రెండు వాచి మూసుకపోయినయ్."

"పట్కరా మరి!"

"వస్తలేడు సార్. కింద పొదలల్ల గుడ్డెలుగు అడుగులున్నయ్ సార్. తల్లియి, పిల్లలయి. ఇంకా తాజగనే ఉన్నయ్. మా జీపు సప్పుడుకు పోయినట్టున్నయ్."

"ఎలుగుబంటా?" ఎస్సై లేచి నిలబడ్డాడు.

మహతి కుర్చీ అంచు పట్టుకుంది. అలికిడి ఒకరిది కాదు, ఇద్దరు ముగ్గురిది.

"పోయిందని చెప్పకపోయినవా?"

"చెప్పిన సార్. దవఖానకు పోదాం పా అన్న. లోపట ఎవ్వరు లేరన్నా నమ్ముతలేడు."

"ఏమంటుండు?"

"ఆయనకు కండ్లు కనవడ్తలేవు గద సార్... 'ఇద్దరు ఆడపిల్లలున్నరు లోపట, మంచి పిల్లలు, పొద్దటిసంది సప్పుడు జేస్తలేరు, వాళ్లను ఇంటికి తోలినంకనే నేనొస్త' అంటుండు సార్."