ఊపిరాడని టాక్సీ

దగ్గరికి జరిగి వినండమ్మా. నొప్పులు పడతా ఉండే కూతుర్ని తిరుపతి ఆస్పత్రికి తీసకపోతా ఉంటే, దేవరాజులు టాక్సీ నాలుగోసారి ఆగిపోయింది. ప్లగ్గులు తుడిచినాడు, కార్బురేటరు ఊదినాడు. కాసేపు పోతాది, మళ్లీ ఆగతాది.

“దిష్టి పోలేదయ్యా. నిన్న ఆయుధపూజకు బండంతా పసుపు పూసినా, చాల్లేదేమో!” అనింది పెండ్లాం మునిరత్నమ్మ.

“నోరు మూసుకోమే! బిడ్డ అల్లాడతా ఉంటే పసుపంట!”

పెట్రోలుందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పినాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. తాళంచెవి తిప్పితే బండి ఒక్కసారికే అందుకునింది.

మునిరత్నమ్మ మూత తిరగేసి చూసింది. గాలాడే సన్న బెజ్జంలో ఆమె పూసిన పసుపే ఎండి గట్టిపడి ఉండాది. ట్యాంకులోకి గాలి పోకుంటే పెట్రోలు ఇంజనుకు దిగదు గదా. తాళికుండే పిన్నీసు తీసి, ఆ బెజ్జాన్ని పొడిచి తెరిచింది.

దేవరాజులు తిట్టబోయి ఆగినాడు. “నా మేలుకే గదా పూసినావు. ఎక్కు మే.”

ఆస్పత్రి చేరినాకే మనవరాలు పుట్టింది. మీరూ గుర్తుపెట్టుకోని నలుగురికీ చెప్పండమ్మా: ఎంత ప్రేమగా పూసినా, ఊపిరాడే సందు మూయొద్దని.