మూడు కాళ్ల బుట్ట

చింతచెట్టు కొమ్మ మీద నుంచి బుట్ట కింద పడింది. లోపలున్న కోడిగుడ్డు పగిలింది.

చెట్టు దిగిన మనిషి గుడ్డును చూడలేదు. బుట్టకు కట్టిన మూడు వెదురు కాళ్లనే చూశాడు. ఒకటి విరిగింది.

అతను ఊరికి వచ్చి వారమైంది. సోమక్క పశువుల కొట్టంలో ఉంటున్నాడు. పేరు అడిగితే చెప్పడు. ఏం చేస్తున్నావంటే మాత్రం చెబుతాడు. చందమామ మీదికి పోయే బండికి కాళ్లు కడుతున్నాడట. ఎగరడం తేలికేనట, పగలకుండా దిగడమే కష్టమట.

వెర్రి వేయి విధాలని ఊరు నవ్వుకుంది.

సోమక్కకు నవ్వు రాలేదు. నిజాం మీద దళాలు పోరాడుతున్న రోజులవి. ఆమె పెనిమిటి ఆగయ్య తొడలో తూటా దిగి, గుట్ట అవతలి లోయలో పడి ఉన్నాడు. పుండు చీము పట్టిందని కబురు. లోయ దారి నిండా పోలీసులే. ఎవరైనా పోగలిగితే పంపుదామని ఆమె గుడ్లు దాస్తోంది. ఈ పిచ్చివాడు రోజూ ఆ గుడ్లే అడుగుతున్నాడు.

ఒకరోజు విసుగొచ్చి ఉడకబెట్టిన గుడ్డు ఇచ్చింది. బుట్ట పడింది, గుడ్డు చెదరలేదు. చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అతను గుడ్డు చేతిలోకి తీసుకోగానే సంగతి గ్రహించి, పెంకు వలుచుకుని తినేశాడు.

"పచ్చిదే కావాలె అక్కా. పగిలితేనే గద తప్పు యాడున్నదో ఎరుకైతది."

"నా మనిషి చావుబతుకుల్ల ఉన్నడు. నీ ఆటకు గుడ్లు లెవ్వు, పో."

అతను బుట్ట తీసుకుని కొట్టంలోకి పోయాడు.

మర్నాడు కొత్త కాళ్లు కట్టి, బుట్టలో ఊక కూరి, గొర్రెల వెంట గుట్ట ఎక్కాడు. దిగేటప్పుడు చేతిలో బుట్ట లేదు. బుట్ట ఏమైందని పోలీసులు పట్టుకున్నారు.

కొత్త మనిషి దొరికితే నడి ఊళ్లో నిలబెట్టి, ఎవరి చుట్టమని అడిగేవారు. ఏ ఇంటివాళ్లయినా మావాడే అంటే వదిలేసేవారు. ఊరు అట్లా ఎందరినో కాపాడుకుంది.

అందరూ సోమక్క వైపు చూశారు. అతను చూడలేదు.

ఆమెకు భయం వేసింది. పోలీసుల కన్ను తన ఇంటి మీద పడితే ఆగయ్య ఆచూకీ బయటపడుతుంది. ఒక పిచ్చివాడి కోసం అంత పని చేయలేకపోయింది.

"ఎవరో నాకు తెల్వదు" అంది.

లారీ అతన్ని తీసుకుపోయింది. మళ్లీ కనబడలేదు.

పోలీసులు మకాం ఎత్తేశాక ఆగయ్య ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో ఊతకర్ర. చంకలో మూడు కాళ్ల బుట్ట.

సోమక్క ఆ బుట్టనే చూస్తూ నిలబడింది.

"గుట్ట మీదికెల్లి లోయల పడ్డది" అన్నాడు ఆగయ్య. "అంతకుముందు ఏసిన మందు సీసాలన్ని పగిలినయి. గీ బుట్టలది పగల్లే. గందుకే బతికిన."

అతను కొట్టం వైపు తొంగి చూశాడు.

"మా దళం డాక్టరు ఏడి? ఆయన ఎవరో నీకెరుకైతే పోలీసులు నిన్ను కొడ్తరని పేరు చెప్పొద్దన్న గని, ఆపదొస్తే నువ్వు మావోడే అంటవని నేనే ఈడికి పంపిన."