గోడవతలి చామంతులు

కనకదుర్గ చెప్పులు వేసుకోలేదు. గాజులు చప్పుడు కాకుండా మోచేతి దాకా ఎగదోసుకుంది. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. మంచులో గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు లారీల మోత వినపడుతోంది గానీ లారీలు కనపడటం లేదు. ఆమె పక్కింటి గేటు గొళ్ళెం మెల్లగా ఎత్తి, పిల్లిలా లోపలికి వెళ్ళింది.

దొంగతనానికి ఇంత ఏర్పాటు. దొంగిలించేది మాత్రం గుప్పెడు చామంతులు.

పోనీ అవైనా ఎవరివి? చిన్నారివి. ఆ ఇంటి మనవరాలు, నాలుగో తరగతి చదువుతున్న పిల్ల. ఎవరినో అడిగి పిలకలు తెచ్చుకుంది. తనే గోతులు తీసి నాటింది. బడి నుంచి రాగానే సంచి విసిరేసి ముందు వాటికే నీళ్ళు పోసేది. తీరా మొగ్గలు విచ్చుకునే వేళకి చూసుకోవడానికి ఆ పిల్ల ఇంట్లో లేదు. విశాఖపట్నంలో ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరవకుండా పడి ఉంది. తెలివి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేమంటున్నారు డాక్టర్లు.

దానికి కారణం కనకదుర్గే.

ఆమె పూల పిసినారితనం వీధి వీధంతటికీ తెలుసు. పెరడంతా గులాబీలు, లిల్లీలు, చామంతులు. పొడుగాటి కాడలతో కోసి గాజు వాజులో పెట్టుకుని మురిసిపోవడమే తప్ప, పేరంటానికి వచ్చినవాళ్ళకైనా ఒక్క పువ్వు తుంచి ఇచ్చిన పాపాన పోలేదు. చిన్నారికి తెలియదా? తెలుసు. అయినా టీచరుకి ఇవ్వాలని ముచ్చటపడింది. తన చామంతులు అప్పటికింకా మొగ్గల మీదే ఉన్నాయి. గోడెక్కి, ఇవతలి ఎర్ర గులాబీ మీద చెయ్యి వేసింది.

“ఒసే దొంగ గుంటా!” అని కనకదుర్గ గొంతు చించుకుంది.

పిల్ల ఉలిక్కిపడి గోడవతలికి పడింది. అవతల బట్టలుతికే బండ ఉంది.

ఆ రోజు నుంచి కనకదుర్గకి ముద్ద దిగలేదు. ఏదో ఒకటి చెయ్యాలని తాపత్రయపడింది. అన్నం క్యారేజీ పంపితే గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చింది. పళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వెళితే, చిన్నారి తండ్రి బంగార్రాజు మెట్ల మీదే అడ్డంగా నిలబడ్డాడు.

“నువ్వు సేసింది సాలు అక్కా. నీ సేతి నీళ్ళు కూడా మాకొద్దు. ఎల్లిపో.”

తిరిగి తమ ఊరు చోడవరం దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు.

అంత ఏడ్చిన మనిషి చెయ్యాల్సిన పనేనా ఇది?

భర్త గౌరీశంకర్‌కీ ఇదే అర్థం కాలేదు. నిన్న దేవుడి పటాల ముందు చామంతులు చూసి నిలదీశాడు.

“ఇవి మనవి కావు కదా?”

“కావు.”

“మన పూలు కోసే దిక్కు నేక మొక్కల మీదే కుళ్ళిపోతన్నాయి. ఆళ్ళింట్లోవి ఎత్తుకొత్తన్నావేటే? ఆ గుంట ఒక్క పువ్వు ముట్టుకుంటే గుండెలదిరేలాగ అరిసేవు. మరి నువ్వు సేత్తన్నదాన్ని ఏటంటారు?”

“దొంగతనమే అంటారు” అంది కనకదుర్గ.

తలెత్తి మొగుడి మొహం చూడలేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. అయినా ఇవాళ మళ్ళీ వచ్చింది.

గబగబా కోసి కొంగులో వేసుకుంటోంది. వసారాలో లైటు వెలిగింది.

“ఎవులది?”

గుమ్మంలో మంగాయమ్మ. చిన్నారి నానమ్మ. కొడుకూ కోడలూ ఆసుపత్రిలోనే ఉండిపోతే ఇంటికి ఒక్కర్తే కాపలా ఉంటోంది. కనకదుర్గ పారిపోలేదు.

“నువ్వా! పువ్వులు తగ్గిపోతంటే ఏ మేకో వచ్చి తినేత్తందనుకున్నాను.” ముసలామె ఒక్కో మెట్టూ పట్టుకుని దిగి వచ్చింది. “గుంట ఇంటికొచ్చి సూసుకుంటాదని నేనొక్క పువ్వు తెంపలేదే. మా దేవుడికి కూడా పెట్టలేదు. నీకు మనసెలాగొచ్చిందే దుర్గా?”

కనకదుర్గ కింద కూలబడింది.

“తిట్టు పిన్నీ. కొట్టు.”

“కొడితే నా మనవరాలు లేచొస్తాదేటి? నీ పెరడు నిండా పూలే కదే! నీ దేవుడికి నీ పూలు సాలవా?”

“నా పూలు పనికిరావు పిన్నీ.”

“ఏటొచ్చింది వాటికి? నిన్న కూడా గోడ మీంచి సూసేను, విరగబూసున్నాయి.”

కనకదుర్గ కొంగులోని చామంతుల మీద కన్నీళ్ళు పడుతున్నాయి. మంగాయమ్మకి ఆ ఏడుపు చూసి జాలి కలగలేదు. ఒళ్ళు మండింది.

“పోనీ, ఇయ్యే కావాలనుకుంటే నన్నొక్క మాట అడగొచ్చు కదా? ఇద్దునో మాననో, అడిగితే మర్యాదగా ఉండును. సీకట్లో వొచ్చి దొంగతనం సెయ్యడమేటే?”

“అడిగి తీసుకుంటే పనవదు పిన్నీ” అంది కనకదుర్గ వెక్కుతూ. “దొంగపూలతో పూజ సేత్తే, ఆ పుణ్యం పూజ సేసినోళ్ళకి రాదంట, మొక్క నాటినోళ్ళకే పోతాదంట.”