పోలమ్మ గొంతు

ఆసుపత్రి వరండాల్లో బళ్ళిప్పుడు వాటంతటవే నడుస్తాయి. అన్నం బండైనా, మాసిన దుప్పట్ల బండైనా పోలమ్మ గొంతుతోనే "జరగండమ్మా, జరగండి" అని అరుస్తుంది. ఏళ్ళతరబడి బళ్ళు తోస్తూ ఆమె అరిచిన అరుపునే రికార్డు చేసి వాటిలో పెట్టారు. జీతం పెంచమంటే ఎవడికీ వినపడని గొంతు, యంత్రాలకి మాత్రం బాగా పనికొచ్చింది. ఇక మనిషెందుకు? రేపట్నుంచి రావద్దన్నాడు సూపర్‌వైజరు.

పోలమ్మ తిన్నగా వెళ్ళి దుప్పట్ల బండికి అడ్డంగా కూర్చుంది. బండి ఆగి, "జరగండమ్మా" అంది.

"లే పోలమ్మా, దారి మూసేశావు" అన్నాడు సూపర్‌వైజరు.

"నా గొంతే నన్ను జరగమంటంది బాబూ. నాను జరగనని దానికి నువ్వే సెప్పు."

నేల తుడుస్తున్న అప్పయ్యమ్మ గుడ్డ బకెట్లో పడేసి వచ్చింది.

"కూసింత జరగవే, నానూ కూకుంతాను."

పోలమ్మ జరిగింది.