హాల్లో ప్రింటర్

"వాడి గదిలో పెడితే ఈ తీగలన్నీ దేనికక్కా? కంప్యూటర్ పక్కన పెట్టి గుచ్చేస్తే అయిపోయేదానికి నన్ను బస్సెక్కించి రప్పించావా?"

"గదిలో వద్దు. హాల్లోనే పెట్టు. ఆ కిటికీ దగ్గర, పాత కంప్యూటర్ పక్కన."

తమ్ముడు తల పట్టుకున్నాడు. మేనల్లుడి గది ఇంటికి ఆ కొసన. కిటికీ ఈ కొసన. మధ్యలో వంటగది, పొడుగాటి నడవా, రెండు మలుపులు. వైఫై పెడదామంటే ఆ మందపాటి గోడలు దాటి గది దాకా అంది చావదు.

అతను ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటర్ నడిపినవాడు. అది మూతపడ్డాక మిగిలిన కేబుల్ చుట్ట, కంప్యూటర్లను కలిపే పాత స్విచ్ పెట్టె, గుప్పెడు ప్లగ్గులు సంచిలో వేసుకుని వచ్చాడు. "చవకలో అయిపోవాలిరా. కానీ ఇవాళే అయిపోవాలి" అని అక్క ఫోన్లో ఏడ్చినంత పని చేసింది మరి. మేనల్లుడు కంప్యూటర్లో ఏదో బొమ్మ గీశాడట. దాన్ని కాగితం మీద చూసుకోవాలట. అదీ సంగతి.

"ప్రింటర్ అందరం వాడుకోవాలి కదా" అంది అక్క.

"అందరం అంటే? బావ ఆఫీసులో తీసుకుంటాడు. నువ్వేం ప్రింట్ తీస్తావు, బావని తిట్టే తిట్లా?"

అక్క నవ్వలేదు. మామూలుగా అయితే పదిళ్ళకు వినిపించేలా నవ్వే మనిషి. వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ బావా నవ్వలేదు. ఆయన ఆఫీసుకు సెలవు పెట్టాడట. ప్రింటర్ బిగించడానికి సెలవా అని అడగబోయి, ఆయన ముఖం చూసి ఆ మాట మింగేశాడు తమ్ముడు.

గోడ వెంట మేకులు కొట్టుకుంటూ గది దాకా వచ్చాడు. తలుపు మూసి ఉంది.

"ఒరేయ్ అల్లుడూ! మామయ్య వచ్చాడు, తలుపు తియ్యరా!"

అక్క పరుగున వచ్చి అతని నోరు మూసినంత పని చేసింది. "పిలవకు. క్లాసులో ఉన్నాడు. ఆన్‌లైన్ క్లాసు."

"మరి తీగ?"

"తలుపు కింద నుంచి తోసెయ్. వాడే గుచ్చుకుంటాడు."

కంచం గుమ్మం దగ్గరికే వస్తుంది. స్నానాల గది లోపలే ఉంది. ఇప్పుడు తీగ కూడా కాళ్ళ దగ్గరికే. గారాబం ముదిరి పాకాన పడిందనుకున్నాడు తమ్ముడు.

తీగ కొసను తలుపు సందులోంచి తోశాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత అది నెమ్మదిగా, దానంతటదే లోపలికి జారింది. అక్క దాన్నే చూస్తూ నిలబడిపోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏమైందక్కా?"

"ఏం లేదు. మేకు కొడుతుంటే సున్నం పడింది."

హాల్లో రెండో కొసను స్విచ్‌లో గుచ్చాడు. దీపం వెలగలేదు.

"లోపలి కొసలో తేడా ఉందేమో. తలుపు తియ్యమను, ఒక్క నిమిషం చూసి..."

"వద్దు!"

ఆ అరుపు బావది. ఆయన గొంతు అంత పెద్దదని తమ్ముడికి అప్పటిదాకా తెలియదు. బిక్కచచ్చిపోయి ఇవతలి కొసనే మళ్ళీ చూశాడు. నయం, తప్పు ఇక్కడిదే. ఆకుపచ్చ తీగా నీలం తీగా తారుమారయ్యాయి. సంచి దులిపితే పనికొచ్చే ప్లగ్గు ఒక్కటే రాలింది. ఇది పాడైతే ఇవాళ్టికి ఇంక అంతే. రంగులు రెండుసార్లు సరిచూసుకుని బిగించాడు. దీపం మిణుకుమంది.

అంతలో అక్క ఫోన్ మోగింది. మెసేజ్. పంపింది మేనల్లుడే, ఆ గదిలోంచే. అక్క చదివి గోడకు జారగిలబడి కూలబడింది.

"ప్రింటర్ కనబడటం లేదటరా. 'వదిలేయండి, వద్దులే' అంటున్నాడు."

"వద్దంటే సాయంత్రం చూద్దాంలే..."

"సాయంత్రానికి వాడికి అక్కర్లేకపోతే? వాడు మళ్ళీ అడగడురా. ఏదో ఒకటి చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఏం మాటలక్కా అవి!"

తమ్ముడు హాల్లోని పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ప్రింటర్ దానికే తగిలించి ఉంది. దాన్ని గదిలోని కంప్యూటర్‌కూ కనబడేలా షేర్ చేయడమే మర్చిపోయాడు! సెంటర్ నడిపే రోజుల్లో కళ్ళు మూసుకుని చేసిన పని.

"ఇప్పుడు చూడమను."

అక్క వేళ్ళకు అక్షరాలు దొరకలేదు. బావ ఫోన్ లాక్కుని టైప్ చేశాడు. జవాబు రాలేదు. ముగ్గురూ ప్రింటర్ చుట్టూ, ఆపరేషన్ గది బయట నిలబడ్డవాళ్ళలా నిలబడ్డారు.

అది గుర్రుమంది. కాగితం లాక్కుంది. బొమ్మ కొద్దికొద్దిగా బయటికొచ్చి ట్రేలో పడింది.

"హమ్మయ్య! నేనే స్వయంగా ఇచ్చొస్తా" అంటూ తమ్ముడు చెయ్యి చాచాడు.

అక్క అతని మణికట్టు పట్టేసుకుంది. గోళ్ళు దిగబడ్డాయి.

"ముట్టుకోకు."

"వాడికి ఇవ్వద్దా?"

"ఇవ్వద్దు."

ఎవరూ కదల్లేదు. నడవా చివర గడియ తీసిన చప్పుడైంది.

"వాడు ఆ గడప దాటి రెండేళ్ళయిందిరా" అంది అక్క, నడవా వైపే చూస్తూ.