కమ్మీ దగ్గర అత్తయ్య

చర్చిలో ఫాదర్ గారు క్రీస్తు శరీరమంటూ ఇచ్చే అప్పాన్ని, ఆ సత్ప్రసాదాన్ని, అందరూ నిలబడి చేత్తో తీసుకుంటుంటే, మా అత్తయ్య ఒక్కరే పీఠం ముందున్న కమ్మీ పట్టుకుని, మోకాళ్లూని, నోరు తెరిచేవారు. వెనక లైనంతా ఆగిపోయేది. మా బట్టల కొట్టుకొచ్చేవాళ్లు, "మీ అత్తగారికి స్వర్గంలో ముందు బెంచీ ఖాయమమ్మా" అని నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఈ ఆదివారం గుడి మెట్ల మీదే చెప్పేశాను. "అత్తయ్యా, ఇవాళ అందరిలా చేత్తో తీసుకోండి. నలుగురిలో ఆ పాతకాలం భక్తి ఎందుకు?"

"సరేలేవే," అన్నారు.

సత్ప్రసాదానికి అందరం లేచాం. ఆవిడ మాత్రం బెంచీ మీదే ఉండిపోయారు. పంతమనుకున్నాను. తిరిగొచ్చి పక్కన కూర్చుని, "అలిగారా?" అన్నాను.

"అలకేమిటే, ఇలా చూడు," అంటూ కొంగులోంచి చేతులు తీసి దోసిలి పట్టారు. రెండూ గజగజ వణుకుతున్నాయి. "ఈ చేతుల్తో ప్రభువుని కింద పడేయమంటావా?"

"నాకు చెప్పొచ్చు కదా?"

"చెబితే రేపణ్ణుంచి కొట్టుకి రావద్దంటావు. ఆ బట్టలు మడతపెట్టే పనైనా నాకుండనీవే."

"లేవండత్తయ్యా, నేను తీసుకెళ్తాను," అని ఆవిడ భుజం పట్టుకుని లేపాను.

అప్పటికే ఫాదర్ గారు మిగిలిన సత్ప్రసాదమున్న పాత్రను పీఠం వెనకున్న మందసంలో పెట్టి తలుపు వేసేశారు.