రెండు తొమ్మిదులు

కరెంటు మీటరు ఊఁ అంటే తప్ప ఏ మోటారూ కదలని రోజులవి. కాకినాడ రేవులో కొండబాబు ఐసు ఫ్యాక్టరీ పొద్దున్నే ఆగిపోయింది. మోటార్లను నడిపే కంట్రోలరు పెట్టె ఎంత పిలిచినా మీటరు మాట అందడం లేదు. బయట రొయ్యల బుట్టలు ఎండకి వేడెక్కుతున్నాయి.

మెకానిక్కు ఝాన్సీ వైర్లన్నీ తడిమింది. బాగానే ఉన్నాయి.

"నిన్న రెండో మీటరు పెట్టించారా, బాబాయ్ గారూ?"

"పెట్టించాను. మొదటిదానిలాగే దానికీ నాకు కలిసొచ్చే తొమ్మిదో నంబరే ఇచ్చాను."

"అదీ సంగతి. తొమ్మిదీ అని పిలిస్తే రెండూ ఒక్కసారే పలుకుతున్నాయి. కంట్రోలరుకి ఒక్క ముక్కా అర్థం కావట్లేదు. ఒకదానికి పది పెడతాను."

"పది నాకు అచ్చిరాదమ్మాయ్."

ఝాన్సీ కాసేపు ఆలోచించి పద్దెనిమిది పెట్టింది. "ఒకటీ ఎనిమిదీ కలిపితే ఎంత?"

కొండబాబు వేళ్లు మడుస్తూ తొమ్మిదికి చేరేసరికి లోపల కంప్రెసర్లు గుర్రుమన్నాయి. ఝాన్సీ హమ్మయ్య అనుకుంది.

"చూశావా, తొమ్మిది మహిమ," అన్నాడాయన.